‘ఉగ్రవాదానికి మతం లేదు’ అంశం మీద డిబేట్: మా పాయింట్లలో ఏవి నిలబడతాయి, ఏవి పడిపోతాయి?

బెజవాడ_వాది (ప్రశ్న)

అంతర్ కళాశాలల తెలుగు డిబేట్‌లో మా జట్టుకి వచ్చిన అంశం ‘ఉగ్రవాదానికి మతం లేదు’. మేం అనుకూలంగా మాట్లాడాలి. మొదటి వక్తకి 6 నిమిషాలు, రెండో వక్తకి 5, ఆఖర్లో ఖండనకి 2. మధ్యలో అవతలి జట్టు మూడు ప్రశ్నలు వేయొచ్చు, ఒక్కోదానికి 30 సెకన్లలో జవాబు చెప్పాలి. కాగితం చూసి చదవకూడదు గానీ చేతిలో చిన్న చీటీ ఉంచుకోవచ్చు.

ఇప్పటిదాకా చీటీకెక్కినవి ఇవి: ఖురాన్ 5:32, అంటే ఒక్కరిని చంపితే మానవజాతినంతా చంపినట్టే అనే వాక్యం. జిహాద్ అంటే మనసులో చేసుకునే పోరాటమని, దాన్నే ప్రవక్త ‘పెద్ద జిహాద్’ అన్నారని. మక్కా మసీదు పేలుడులో ముస్లిం కుర్రాళ్లని పట్టుకుంటే చివరికి చేసింది వేరేవాళ్లని తేలిందని. ఇరాక్ యుద్ధం వల్లే ఐసిస్ పుట్టిందని. మీడియా ముస్లింలనే చూపిస్తుందని.

ఎక్కడ కొడితే మేం పడిపోతామో మొహమాటం లేకుండా చెప్పండి. పొగడ్తలు వద్దు.

అలిఫ్_బే

మొదటి రెండూ ఇలాగే చెబితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

5:32లో మీరు చెప్పింది సగం వాక్యం. అసలు వాక్యం ‘ఇస్రాయీల్ సంతతికి ఈ ఆజ్ఞ ఇచ్చాం’ అని మొదలవుతుంది. మధ్యలో ఒక మినహాయింపు కూడా ఉంది: హత్యకు శిక్షగానో, భూమ్మీద అరాచకం రేపినందుకో తప్ప. చదివొచ్చిన ప్రత్యర్థి మిమ్మల్ని ఆపి, దాని కింది వాక్యం చదవమంటాడు. 5:33లో మరణదండన, శిలువ, కాలూ చెయ్యీ ఎదురెదురుగా నరకడం, దేశబహిష్కరణ ఉన్నాయి. అక్కడ నీళ్లు నమిలితే 6 నిమిషాల ప్రసంగమూ గోవిందా.

అందుకని 5:33ని వాళ్లకంటే ముందు మీరే తీయండి. ఆ శిక్షలు ఎవరికన్నది అసలు విషయం. దారులు కాసి, ఆయుధాలతో జనాన్ని భయపెట్టి, అరాచకం సృష్టించేవాళ్లకి. ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో ఆ నేరం పేరు హిరాబా. ఈ కాలంలో బాంబు దాడులని ఖండిస్తూ రాసిన పండితుల్లో చాలామంది పట్టుకున్నది ఈ హిరాబానే. అంటే రెండు వాక్యాలూ కలిపి చదివితే మీ వాదన బలపడుతుంది, ఒక్కటే చదివితే కూలుతుంది. శిక్షలు కఠినంగా ఉన్నాయి కదా అంటే ఉన్నాయని ఒప్పుకోండి. ఏడో శతాబ్దపు శిక్షాస్మృతి మృదువైనదని నిరూపించడం మీ పని కాదు.

తర్వాత 9:5 కచ్చితంగా వస్తుంది, ‘నిషిద్ధ మాసాలు గడిచాక బహుదైవారాధకులని ఎక్కడ కనిపిస్తే అక్కడ చంపండి’. ‘సందర్భం వేరు’ అని ఊరుకుంటే చాలదు, ఆ సందర్భం ఎక్కడుందో చూపించాలి. 9:4: ఒప్పందాన్ని నిలుపుకున్నవాళ్ల జోలికి పోవద్దు, గడువు దాకా మాట నిలబెట్టుకోండి. 9:6: వాళ్లలో ఎవరైనా శరణు కోరితే ఇచ్చి, భద్రమైన చోటికి చేర్చండి. ముందో వాక్యం, వెనకో వాక్యం, 20 సెకన్లు చాలు. చీటీ మీద 4–5–6 అని రాసుకోండి.

బాగా చదివినవాడైతే ఇంకో మెట్టు ఎక్కుతాడు. ‘9:5 వచ్చాక అంతకుముందు చెప్పిన శాంతి వాక్యాలన్నీ రద్దయ్యాయని పాత వ్యాఖ్యాతలే రాశారు కదా’ అంటాడు. దీన్ని నస్ఖ్ అంటారు. అలా రాసినవాళ్లు నిజంగానే ఉన్నారు, లేరనకండి. అయితే ఏ వాక్యాలు రద్దయ్యాయన్న దాని మీద పండితులకి ఎన్నడూ ఏకాభిప్రాయం లేదు. కొందరి లెక్క వందలు దాటింది. 15వ శతాబ్దపు పండితుడు సుయూతీ దాన్ని 20 దగ్గరికి దించారు. 18వ శతాబ్దంలో ఢిల్లీలో షా వలీవుల్లా 5కి కుదించారు.

‘పెద్ద జిహాద్’ హదీసుని (ప్రవక్త చెప్పారని ఉల్లేఖించే మాటని) మాత్రం చీటీలోంచి కొట్టేయండి. ప్రామాణిక హదీసు సంకలనాలైన సహీహ్ బుఖారీలో లేదు, సహీహ్ ముస్లింలో లేదు, దాన్ని చెప్పినవాళ్ల పరంపర బలహీనమని హదీసు పండితులే అన్నారు. పైగా ఫిఖ్‌హ్ (ఇస్లామిక్ న్యాయశాస్త్ర) గ్రంథాల్లో జిహాద్ అనే అధ్యాయం తెరిస్తే కనబడేది ఎక్కువగా యుద్ధ నియమాలే. దాన్ని దాచాల్సిన పని లేదు, యుద్ధానికి ఆ గ్రంథాలు హద్దులు గీశాయన్నదే మీ పాయింటు. ప్రకటించే అధికారం పాలకుడిది, ఎవరికి వారు మొదలెట్టేది కాదు. సిరియా వైపు వెళ్తున్న సేనానికి మొదటి ఖలీఫా అబూబకర్ చేసిన హితవు ఇమాం మాలిక్ సంకలనంలో ఉంది: ఆడవాళ్లని, పిల్లలని, ముసలివాళ్లని చంపొద్దు, కాయ కాసే చెట్టు నరకొద్దు, తినడానికి తప్ప గొర్రెనీ ఒంటెనీ కోయొద్దు, మఠాల్లో ఉండే సన్యాసులని వదిలేయి. ఈ కొలబద్దతోనే 2014 సెప్టెంబర్‌లో 126 మంది పండితులు సంతకాలు చేసి ఐసిస్ నాయకుడు బగ్దాదీకి బహిరంగ లేఖ రాశారు. ‘ముస్లింలు ఖండించారా’ అని అడిగినప్పుడు ఇది పనికొస్తుంది.

ఒక చిన్న మాట. జిహాద్‌కి తెలుగులో ‘పవిత్ర యుద్ధం’ అనో ‘ధర్మయుద్ధం’ అనో వాడకండి. మొదటిది అరబిక్‌లో అనాలంటే ‘హర్బ్ ముఖద్దస’ అనాలి, ఖురాన్‌లో ఆ ప్రయోగమే లేదు. రెండోది అనగానే వినేవాళ్ల బుర్ర కురుక్షేత్రానికి వెళ్లిపోతుంది. జిహాద్‌ని జిహాద్ అనే అనండి, ధాతువుకి ‘శ్రమించడం’ అని అర్థమని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్లండి.

నల్లకోటు

మక్కా మసీదు పాయింటు మీద మాట్లాడతాను. చీటీలో ఉన్నట్టు చెబితే అది తప్పు.

2007 మే 18, శుక్రవారం నమాజు వేళ పేలుడు. 9 మంది దాంట్లో, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. పదుల సంఖ్యలో ముస్లిం యువకులని పట్టుకున్నారు, నిజమే. కానీ వాళ్ల మీద నడిచింది పేలుడు కేసు కాదు, విడిగా పెట్టిన కుట్ర కేసులు. అవి వీగిపోయాయి. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, ఇంకో 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. అసలు పేలుడు కేసు స్థానిక పోలీసుల నుంచి సీబీఐకి, 2011లో ఎన్‌ఐఏకి వెళ్లింది. స్వామి అసీమానంద్‌తో సహా విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు నిర్దోషులుగా వదిలేసింది.

కాబట్టి ‘చేసింది వేరేవాళ్లని తేలింది’ అనే మాట వేదిక మీద రాకూడదు. కోర్టులో ఎవరి మీదా ఏమీ తేలలేదు. తేలినదల్లా ఒక్కటే, ముందు అనుమానం వెళ్లిన దిక్కు రుజువుకి నిలవలేదని. మీకు కావలసింది అంతే, అంతకంటే ఒక్క అంగుళం ముందుకెళ్లకండి.

అక్కడితో ఆగినా ప్రశ్న తప్పదు: ‘మరి గోకుల్ చాట్?’ అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, కోఠీ గోకుల్ చాట్ పేలుళ్లలో 40 మందికి పైగా పోయారు. 2018 సెప్టెంబర్‌లో ఇండియన్ ముజాహిదీన్‌కి చెందిన ఇద్దరికి ఉరిశిక్ష పడింది. 2013 దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురికి 2016లో ఉరిశిక్ష వేశారు, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. హైదరాబాద్ వినేవాళ్లకి ఇవి కంఠతా వచ్చు. మక్కా మసీదు ఒక్కటే చెప్పి ఊరుకుంటే, మిగతావి దాచారనుకుంటారు. మూడూ మీరే చెప్పండి: ఒక కేసులో సాక్ష్యం నిలవలేదు, రెండింట్లో నిలిచింది, మూడింట్లోనూ కోర్టు కొలిచింది చర్యనీ సాక్ష్యాన్నీ.

అక్కణ్ణుంచి నేరుగా చట్టంలోకి దిగొచ్చు. ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం 15వ సెక్షన్ చదవండి. బాంబులు, తుపాకులు, విషవాయువుల లాంటి సాధనం ఉండాలి. దేశ సమైక్యతకో భద్రతకో ముప్పు తేవాలన్న, లేదా జనంలో భయోత్పాతం కలిగించాలన్న ఉద్దేశం ఉండాలి, లేదా అది జరిగే అవకాశమన్నా ఉండాలి. ప్రాణనష్టం, ఆస్తినష్టం లాంటి ఫలితం ఉండాలి. ఇందులో మతం అనే మాటే లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షన్‌లోనూ దాదాపు ఇదే నిర్వచనం. ‘ఉగ్రవాదానికి మతం లేదు’ అన్న నినాదానికి మన దేశంలో చట్టబద్ధమైన ఆధారం చూపాలంటే ఇంతకంటే గట్టిది నాకు కనబడదు.

ప్రపంచం మొత్తానికి ఒకే నిర్వచనం ఉందా అంటే లేదు. 1996లో భారతదేశమే ఐక్యరాజ్యసమితిలో సమగ్ర ఒప్పందం ముసాయిదా పెట్టింది, ఇంకా నిర్వచనం దగ్గరే నలుగుతోంది. విదేశీ ఆక్రమణ మీద చేసే సాయుధ పోరాటాన్ని మినహాయించాలని ఇస్లామిక్ సహకార సంస్థ పట్టు, దేశాల సైన్యాల చర్యలు ఎందులోకి వస్తాయన్నది ఇంకో పేచీ. ప్రత్యర్థి ఇది తీస్తే నిజమేనని ఒప్పుకుని భారత చట్టానికి తిరిగి రండి.

రాత్రి_డెస్క్

‘మీడియా ముస్లింలనే చూపిస్తుంది’ అన్నది వాదన కాదు, గోడు. దానికి కొలత కావాలి.

ఉన్న కొలత ఇది: 2006–2015 మధ్య అమెరికాలో జరిగిన 136 దాడుల వార్తల్ని లెక్కేసి 2019లో ఒక పరిశోధన అచ్చయింది. చనిపోయినవాళ్ల సంఖ్య, లక్ష్యం, అరెస్టు వంటి తేడాలని సర్దుబాటు చేశాక కూడా, దాడి చేసింది ముస్లిం అయినప్పుడు సగటున 357 శాతం ఎక్కువ కవరేజీ వచ్చిందని తేల్చారు. ఇక్కడ వక్తలు చేసే తప్పు ఒకటుంది. ‘357 శాతం ఎక్కువ’ అంటే మూడున్నర రెట్లు కాదు, నాలుగున్నర రెట్లు. ఇంకో జాగ్రత్త, అది అమెరికా లెక్క. తెలుగు చానెళ్లకి అంటగట్టకండి.

మొదటి గంటల్లో ఏం జరుగుతుందో చూపించడానికి రెండు ఘటనలు చాలు. 1995 ఏప్రిల్ 19, ఓక్లహోమా సిటీ, 168 మంది మృతి. టీవీల్లో తొలి ఊహాగానం పశ్చిమాసియా వైపు నడిచింది, దొరికింది గల్ఫ్ యుద్ధంలో పనిచేసిన అమెరికన్ మాజీ సైనికుడు మెక్‌వే. 2011 జూలై 22, నార్వే, 77 మంది. మొదట వినిపించింది జిహాదీ సంస్థల పేర్లే, చేసినవాడు ముస్లిం వలసలని ద్వేషించే బ్రీవిక్.

తెలుగు పత్రికల మాటల మీద ఒక అర నిమిషం పెట్టండి, వినేవాళ్లకి వెంటనే తగులుతుంది. మన దగ్గర తీవ్రవాది, ఉగ్రవాది, ముష్కరుడు, మిలిటెంట్ అని నాలుగు మాటలున్నాయి, అవి తూకం వేసి వాడినవి కావు. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద క్లెమోర్ మైన్లు పేల్చినవాళ్లు మన వార్తల్లో ‘నక్సలైట్లు’. సంస్థ పేరుతో, సిద్ధాంతం పేరుతో నడిచింది వార్త. వాళ్లు పుట్టిన మతం శీర్షికకి ఎక్కలేదు, ఎక్కనక్కర్లేదు కూడా. అదే పద్ధతి అన్నిచోట్లా పాటిస్తే ‘ముస్లిం యువకుడి అరెస్టు’ అన్న శీర్షిక ‘పేలుడు కేసులో అనుమానితుడి అరెస్టు’ అవుతుంది.

ఫొటో ఇంకా పెద్ద దోషి. రాత్రి పదకొండుకి కాబూల్‌లో పేలుడని ఫ్లాష్ వస్తుంది, అక్కణ్ణుంచి బొమ్మ రాలేదు, పేజీ వెళ్లాలి. ఆర్కైవ్‌లో వెతికితే దొరికేది సామూహిక నమాజు బొమ్మ. మూలన చిన్న అక్షరాలతో ‘ఫైల్ ఫొటో’ అని కొడతారు. పొద్దున్నే పాఠకుడి కంట్లో పడేది ‘పేలుడు’ అన్న శీర్షిక, దాని కింద వంగిన వీపులు. వార్తలో ఒక్క అబద్ధమూ లేదు, జరగాల్సిన నష్టం జరిగిపోయింది. అరెస్టు వార్త మొదటి పేజీలో నాలుగు కాలాలు, ఏళ్ల తర్వాత నిర్దోషి అన్న వార్త లోపలి పేజీలో సింగిల్ కాలం. ఇది చూపించాలంటే ఏదైనా ఒక కేసు తీసుకుని రెండు తేదీల పేజీలూ పక్కపక్కన పెట్టి కాలం సెంటీమీటర్లు కొలవండి. లైబ్రరీలో ఒక పూట పని.

బాధితులని కూడా లెక్కలోకి తెండి. 2014 డిసెంబర్ 16న పెషావర్ బడిలో చనిపోయిన 130 మందికి పైగా పిల్లలు, 2017 నవంబర్ 24న ఈజిప్టు సినాయ్‌లో శుక్రవారం ప్రార్థనలో పోయిన 300 మందికి పైగా జనం, అందరూ ఎవరు?

అవతలి_బల్ల

నేను ప్రతికూలం వైపు ఉంటే మిమ్మల్ని ఎలా కొడతానో చెబుతాను.

‘మతం లేదా? 1998 ఫిబ్రవరి 23న అల్ ఖైదా, దాని మిత్ర సంస్థలు కలిసి చేసిన ప్రకటన మొదలయ్యేదే 9:5తో. మతం లేకపోతే మత గ్రంథం ఎందుకు?’ ఇది నా మొదటి ప్రశ్న. ‘వాళ్లు నిజమైన ముస్లింలు కారు’ అని మీరంటే నేను గెలిచినట్టే, ఎందుకంటే ఎవరు నిజమైన ముస్లిమో తేల్చే పని మీ నెత్తినేసుకున్నారు. ఆ పని చేసేది కూడా ఐసిసే, నచ్చని ముస్లింని కాఫిర్ (అవిశ్వాసి) అని చంపేది వాళ్లే. దానికి తక్ఫీర్ అని పేరుంది.

సరైన జవాబు: వాళ్లు మతాన్ని వాడుకుంటారు, అవును. ఆ వాడకానికి ఒక సిద్ధాంతం ఉంది, అదీ అవును. కానీ ఆ ప్రకటన మీద ఫత్వా ధోరణిలో సంతకం చేసినవాళ్లలో బిన్ లాడెన్ మత విద్యాలయం నుంచి వచ్చినవాడు కాదు, జవాహిరీ శస్త్రవైద్యుడు. ఆ ఫత్వా ఇచ్చే అర్హతే వాళ్లకి లేదని సంప్రదాయ పండితుల అభ్యంతరం.

అంశాన్ని మొదటి నిమిషంలోనే నిర్వచించండి. ‘ఉగ్రవాదానికి మతంతో ఏ సంబంధమూ లేదు’ అని కాదు, ‘ఉగ్రవాదం ఏ ఒక్క మతం సొత్తూ కాదు, ఏ మతస్థులందరి నేరమూ కాదు’ అని. మొదటిది ఎవరూ కాపాడలేరు. రెండోదాన్ని ఎవరూ పడగొట్టలేరు. ఉదాహరణకి ఎల్‌టీటీఈ ఒక్కటి చాలు: మతం కోసం కాదు, శ్రీలంకలో ప్రత్యేక తమిళ దేశం కోసం నడుముకి బాంబులు కట్టుకున్న సంస్థ, 1991లో శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య. ఇలాంటివి మూడు మించి చెప్పకండి. నాలుగోది చెప్పగానే అది ‘మీవాళ్లు చేయలేదా’ అనే వీధి తగాదా అవుతుంది.

‘ఇరాక్ యుద్ధం వల్లే’ అన్నచోట ‘వల్లే’లో ఏత్వం తీసేయండి. తర్వాత ఐసిస్‌గా మారిన సంస్థని మొదలెట్టిన జర్ఖావీ 2003కి ముందే అఫ్ఘానిస్తాన్‌లో హెరాత్ దగ్గర శిబిరం నడిపాడు. విత్తనం అప్పటికే ఉంది, యుద్ధం దానికి పొలం ఇచ్చింది. ఎలాగో చెప్పండి: 2003 మే నెలలో ఆక్రమణ పాలకులు జారీ చేసిన మొదటి ఉత్తర్వు సద్దాం హుస్సేన్ బాత్ పార్టీ పెద్దల్ని కొలువుల్లోంచి తీసేసింది, రెండోది సైన్యాన్నే రద్దు చేసింది. ఆయుధం పట్టడం తెలిసిన లక్షల మంది ఒక్కసారిగా జీతం లేకుండా వీధిన పడ్డారు. వాళ్లలో కొందరు అధికారులు తర్వాత ఐసిస్ సైనిక నాయకత్వంలో తేలారు. కారణం చెప్పడం వేరు, సమర్థించడం వేరు అన్న వాక్యం కూడా దీంతోపాటే చెప్పండి, లేకపోతే న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారు.

బెజవాడ_వాది

చీటీ మొత్తం మార్చేస్తున్నాం. ఇంకా రెండు ప్రశ్నలకి 30 సెకన్ల జవాబు దొరకడం లేదు. ‘ముస్లింలు ఎందుకు ఖండించరు?’ ఒకటి. ‘గాజాలో ఎవరు ఉగ్రవాదులు?’ రెండోది.

అలిఫ్_బే

మొదటిదానికి మన ఊరి ఆధారమే ఉంది. 2008 ఫిబ్రవరిలో ఉగ్రవాదాన్ని ఖండిస్తూ దేవ్‌బంద్ సదస్సు, మే 31న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో ఫత్వా, నవంబర్‌లో హైదరాబాద్ జమియత్ ఉలమా సభలో దానికి సుమారు 6 వేల మంది ఉలమాల (మత పండితుల) ఆమోదం. అదే నెల 26న ముంబై దాడి. చచ్చిన 9 మంది దాడిదారులకి ఖబరస్తాన్‌లో చోటివ్వమని ముంబై ముస్లిం సంఘాలు తెగేసి చెప్పాయి. శవాలు ఏడాదికి పైగా మార్చురీలోనే ఉన్నాయి, 2010 జనవరిలో ప్రభుత్వమే గుట్టుగా పూడ్చింది. తెలుగులో తడబడకుండా మాట్లాడితే 30 సెకన్లకి 50 మాటలు పడతాయి, ఈ పేరా అందులో పట్టదు. ఫత్వా తేదీలు వదిలేసి హైదరాబాద్ సభ, ఖబరస్తాన్ రెండే చెప్పండి. ఖబరస్తాన్ ముక్క ఆఖర్న పెట్టండి.

నల్లకోటు

గాజా ప్రశ్నకి పక్షం ఎంచుకోకండి, పదం ఎంచుకోండి. పౌరులని కావాలని గురిపెడితే, చేసింది సంస్థ అయినా సైన్యం అయినా, యుద్ధ చట్టంలో అది యుద్ధ నేరం. 2024 నవంబర్ 21న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒకే రోజు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్ మీద, హమాస్ సైనిక నాయకుడు దెయిఫ్ మీద వారెంట్లు ఇచ్చింది. దెయిఫ్ చనిపోయాడని తేలాక అతని కేసు మూశారు. వారెంటు అంటే నేరం రుజువైందని కాదు, ఆ తేడా నోరు జారకుండా చూసుకోండి.

ఇంకోటి. కేసుల ఉదాహరణలు పెంచాలనుకుంటే 2006 ముంబై రైళ్ల పేలుళ్ల జోలికి పోకండి. 12 మందికి 2015లో శిక్షలు పడ్డాయి, 2025 జూలై 21న బాంబే హైకోర్టు అందరినీ నిర్దోషులంది, మూడు రోజులకే ఆ తీర్పుని వేరే కేసుల్లో నజీరుగా (ముందరి తీర్పు ఆధారంగా) వాడకూడదని సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. దాని బదులు 2002 అక్షర్‌ధామ్ కేసు తీసుకోండి, ఆరుగురినీ 2014 మే 16న సుప్రీంకోర్టే విడుదల చేసింది, వాళ్లలో ముగ్గురికి అప్పటికి ఉరిశిక్ష ఖాయమై ఉంది. ఏది చెప్పినా పోటీకి ముందు రోజు రాత్రి తాజా స్థితి ఇంకోసారి చూసుకోండి.